సంఘ ఆరాధనలో కొత్తది తేవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

క్రిస్మస్ అయిపోయాక పెట్టుకునే మొదటి యవనస్తుల కూటంలో చాలా సంఘాల్లో ఇదే మాట లేస్తుంది: "మన ఆరాధన మారాలి." ఏం మారాలి అని అడిగితే పది మంది పది చెబుతారు. కీర్తనలు సాగదీస్తున్నారు, గిటార్ వద్దంటున్నారు, ఆడపిల్లలకు మైకు ఇవ్వరు, హైదరాబాదు మందిరాల్లో ఇట్లా లేదు. ఈ మాట పెద్దల చెవిన పడేసరికి "పిల్లలు కీర్తనలు తీసెయ్యమంటున్నరంట" అని తయారవుతుంది. ఇక ఆ ఏడు పని చెడినట్టే.

నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు యాభై నుంచి మూడు వందల మంది దాకా కూడే సంఘాలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాం. ఇందులో చెప్పే పద్ధతి పెద్దదేమీ కాదు. ఒక్క మార్పు ఎంచుకోవాలి. ఆరాధనలో అది ఎక్కడ వస్తుందో, ఎన్ని వారాలు ఉంటుందో చెప్పి అడగాలి. అడగకముందే, ఇప్పుడున్నది ఎందుకుందో తెలుసుకోవాలి.

ముందు నోట్‌బుక్, తర్వాత నోరు

వరుసగా నాలుగు ఆదివారాలు ఆరాధన మొత్తం రాసుకోండి. మొదటి ఆదివారం ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం) ఉంటుంది కాబట్టి అదీ ఆ నాలుగింటిలో రావాలి. ఆరంభ ప్రార్థన ఎన్నింటికి మొదలైంది, కీర్తన నెంబరు ఎవరు చెప్పారు, ఎన్ని చరణాలు పాడారు, ఉత్తర ప్రత్యుత్తరాలు (ఒక వచనం నడిపేవాళ్లు, ఇంకోటి సంఘం చదివేవి) ఎవరు చదివించారు, సాక్ష్యాలకు, ప్రకటనలకు, కానుకకు, వాక్యానికి ఎంతసేపు పట్టింది అని నిమిషాలతో సహా రాయండి. ఇంకో వరుసలో, ఆ సమయంలో జనం ఏం చేస్తున్నారో రాయండి. పాడుతున్నారా, పెదవులు మాత్రమే కదుపుతున్నారా, బయటికి పోయి వస్తున్నారా?

ఇది చేసిన వాళ్లకు తరచుగా తేలేదేమిటంటే, విసుగు పుట్టించేది కీర్తన కాదు. కీర్తన ఏదో ముందుగా నిర్ణయించకపోవడం, హార్మోనియం ఒక శృతిలో ఉంటే పాడించే ఆయన ఇంకో శృతిలో ఎత్తుకోవడం, ప్రకటనలు వాక్యానికి సగమంత సాగడం, ఒకే ప్రార్థన మనవిని ముగ్గురు మళ్లీ మళ్లీ చెప్పడం. వీటిని సర్దడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అయ్యగారితో ఒక్క మాట చాలు. శనివారం రాత్రికల్లా పాటల నెంబర్లు రాసి వాయించే వాళ్లకు పంపితే సగం గొడవ పోతుంది. మీరు కోరే మార్పు ఈ రకమే అయితే ఇంకేం చేయనక్కర్లేదు. సంప్రదాయాన్ని ఎదిరించే అవసరమే లేని చోట ఎదిరించడం యవనస్తులకు ఉన్న ఒక సరదా, అంతే.

మూడు గంపలు

నోట్‌బుక్‌లో ఉన్న ప్రతి అంశాన్నీ మూడింటిలో ఒకదాని కింద వేయండి: వాక్యంలో ఉన్నది, సంఘం తీర్మానించింది, అలవాటుగా వచ్చింది. ప్రభువు బల్ల వాక్యంలో ఉంది. అది నెలలో మొదటి ఆదివారమే ఇవ్వాలన్నది సంఘం పెట్టుకున్న నియమం. బల్ల మీద తెల్లగుడ్డ, మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చోవడం, చెప్పులు గడప బయట విడవడం అలవాట్లు. అలవాటు అనగానే తీసేయదగ్గది అని అర్థం కాదు. చెప్పుల అలవాటును కదిలించి బాగుపడ్డ సంఘం మేం చూడలేదు.

ఈ పని చేసేటప్పుడు పెద్దలు, నేర్చుకున్న పారంపర్యాన్ని గట్టిగా పట్టుకోమనే రెండో థెస్సలొనీకయులు 2:15 చూపిస్తారు, మీరు మార్కు 7వ అధ్యాయం చూపిస్తారు. రెండూ ముందే చదువుకుని వెళ్లండి. మార్కు 7లో ప్రభువు తప్పు పట్టింది, తల్లిదండ్రులకు చేయాల్సింది ఎగ్గొట్టడానికి పారంపర్యాచారాన్ని అడ్డం పెట్టుకున్న వాళ్లను. ముసలాయన హార్మోనియం వాయించడాన్ని కాదు. ఆ వచనం ఎత్తుకుని పెద్దల మీదికి పోతే, పెద్దవాణ్ని గద్దించొద్దనే మొదటి తిమోతి 5:1 తెరిచి మీ ముందే పెడతారు. అది న్యాయమే. మీకు పనికొచ్చేది మొదటి కొరింథీయులు 14. అన్నీ క్షేమాభివృద్ధి కోసం, మర్యాదగా, క్రమంగా జరగాలన్న కొలత అక్కడుంది. కొత్తదాన్నీ పాతదాన్నీ ఒకే కొలతతో కొలవడానికి పెద్దలు కూడా ఒప్పుకుంటారు.

కీర్తనల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మీకు పాతగా తోచే ఈ కీర్తనలు ఒకప్పుడు కొత్తవే. ఇంగ్లీషు బాణీల్లో తర్జుమా పాటలు పాడుతున్న కాలంలో, 19వ శతాబ్దంలో, పురుషోత్తమ చౌదరి లాంటి వాళ్లు ఈ దేశపు రాగతాళాల్లో కీర్తనలు కట్టారు. అందుకే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. ఈ విషయం వాదనలో గెలవడానికి కాదు, గౌరవంతో చెబితే తలుపు తెరుస్తుంది. "అప్పుడు వాళ్లు చేసిందే ఇప్పుడు మేము చేస్తమంటున్నం" అని దూకుడుగా అన్నారో, "వాళ్లంత చదువు, వాళ్లంత ప్రార్థన మీకున్నదా?" అనే ప్రశ్న వస్తుంది. దానికి జవాబు ఉండదు.

ఎవరి చేతిలో ఏముంది

ఇది తెలియక తప్పు గుమ్మం తట్టే వాళ్లే ఎక్కువ.

మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, దేవరకొండ వైపు ఎక్కువగా ఉన్న మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాల్లోనూ, నల్గొండ, సూర్యాపేట వైపు బాప్టిస్టు సంఘాల్లోనూ అచ్చు పుస్తకం ప్రకారమే ఆరాధన సాగాలన్న కట్టడి లేదు. పాస్టరు గారు, డీకన్లు ఒప్పుకుంటే పాట మారొచ్చు, వాయిద్యం రావొచ్చు. డబ్బు ఖర్చయ్యేదైనా, కూర్చునే తీరు లాంటి పెద్ద మార్పైనా సర్వసభ్య సమావేశానికి పోతుంది. అక్కడ ఓటు బాప్తిస్మం పొందిన సభ్యులదే. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ సభ్యత్వపు లెటర్ అక్కడి సంఘానికి మార్చుకున్న వాళ్లు ఇక్కడ ఎంత గట్టిగా మాట్లాడినా లెక్కలోకి రారు. అడిగే ముందు మీ పది మందిలో ఎందరి పేర్లు రిజిస్టర్‌లో ఉన్నాయో సెక్రటరీ గారి దగ్గర చూసుకోండి.

1947లో ఏర్పడ్డ సి.ఎస్.ఐ.లో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఆరాధనకు అచ్చు క్రమం ఉంటుంది. సంస్కారపు భాగాన్ని ఊరి కమిటీ మార్చలేదు. పాటల ఎంపిక, వాక్యపఠనం, విజ్ఞాపన ప్రార్థన ఎవరు చేయాలన్నది మాత్రం ప్రెస్బిటర్ గారి (అక్కడి పాస్టరు గారి) దగ్గర తేలే విషయాలు.

కథోలిక విచారణల్లో, అంటే పారిష్‌లలో (నల్గొండ మేత్రాసనం, అంటే బిషప్ గారి పరిధి, 1976 నుంచి ఉంది) దివ్యబలిపూజ ప్రార్థనల మాటలు మార్చే అధికారం ఫాదర్ గారికి కూడా లేదు. మహిమ గీతం స్థానంలో మీకు నచ్చిన ఇంకో పాట పెట్టడం కుదరదు. తపస్సుకాలంలో (ఈస్టరుకు ముందు శ్రమల దినాల్లో) ఆ గీతమే ఉండదు, వాయిద్యాలు కూడా గొంతుకు ఊతంగా మాత్రమే. ప్రవేశగీతం, కానుకల గీతం, దివ్యసత్ప్రసాద గీతం, విశ్వాసుల ప్రార్థన, పఠనాలు చదివే వాళ్లు: మీకున్న జాగా ఇదీ. అది తక్కువేం కాదు. హారతి, నేలమీద కూర్చోవడం లాంటి భారతీయ పద్ధతులకు 1969లోనే రోమ్ నుంచి అనుమతి వచ్చింది. అమలు మాత్రం పీఠాధిపతి (బిషప్) నిర్ణయాన్ని బట్టి ఉంటుంది.

బఖ్త్ సింగ్ గారి సేవ నుంచి వచ్చిన హెబ్రోను సహవాసాల్లో స్థానిక పెద్దలను, స్వతంత్ర సంఘాల్లో పాస్టరు గారిని అడగాలి. స్వతంత్ర సంఘంలో "అయ్యగారు ఒప్పుకున్నారు" అంటే పని అయినట్టే అనుకోకండి. అమ్మగారిని (పాస్టరు గారి భార్యను) అడగకుండా స్త్రీల సమాజం పాడే పాట జోలికి పోయిన వాళ్లు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కాగితం

నోటితో అడిగితే ఆ మాట నలుగురి నోళ్లలో నాలుగు రకాలు అవుతుంది. కాగితం అట్లాగే ఉంటుంది. ఒక పేజీ దాటకూడదు. ఇట్లా ఉంటే చాలు:

*"గౌరవనీయులైన పాస్టరు గారికి, సంఘ పెద్దలకు, యవనస్తుల కూటం తరఫున వందనాలు. ఫిబ్రవరి నెల నాలుగు ఆదివారాలు కానుక సమయంలో ఒక కొత్త పాట పాడించడానికి అనుమతి కోరుతున్నాము. కీర్తనలు, వాటి సంఖ్య, మిగతా క్రమం ఏదీ మారదు. పాట మాటలు ఈ కాగితం వెనక రాసినాము. వాయిద్యాలు కీబోర్డు, తబలా మాత్రమే. పాడేవారు ఆరుగురు, పేర్లు కింద ఉన్నవి. అభ్యాసం శనివారం సాయంత్రం 7 నుండి 8 వరకు మందిరంలో. తాళం తీసి, వేసే బాధ్యత మాది. నాలుగవ ఆదివారం తర్వాత పెద్దలు ఆపమంటే ఆపుతాము."*

ఇందులో ప్రతి మాటకూ పని ఉంది. "మిగతా క్రమం ఏదీ మారదు" అన్నది భయాన్ని తీస్తుంది. పాట మాటలు వెనక రాయడం వల్ల, సిద్ధాంతం సరిగా ఉందా, సినిమా బాణీనా అన్న రెండు ప్రశ్నలూ ముందే తేలిపోతాయి. సినిమా బాణీ అయితే అడగడమే మానండి. పాట ఎత్తుకోగానే సగం మంది తలలో వేరే మాటలు తిరుగుతాయి. ఇక "ఆపమంటే ఆపుతాము" అన్న వాక్యాన్ని చాలామంది రాయరు, ఓడిపోయినట్టు ఉంటుందని. నిజానికి ఒప్పుకునేట్టు చేసేది ఆ వాక్యమే. ఆపలేని దాన్ని ఏ పెద్దమనిషీ మొదలుపెట్టనివ్వడు.

కానుక సమయం ఎందుకంటే, అప్పుడు జనం ఎటూ కదులుతూ ఉంటారు, పాట కొంచెం అటూఇటూ అయినా ఆరాధన కుంటుపడదు. ప్రభువు బల్ల ముందు పాడే కీర్తనను మొదటి ప్రయోగానికి ఎంచుకోవడం కంటే తెలివితక్కువ పని లేదు.

ఎవరితో, ఎప్పుడు, ఎట్లా

మొదట కలవాల్సింది పాస్టరు గారిని కాదు, మీ మార్పు వల్ల ఎవరి చోటు కదులుతుందో వాళ్లను. ముప్పై ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్న పెద్దాయనకు మీ సంగతి ఇంకొకరి నోట తెలిస్తే ఆయన జీవితాంతం ఎదురే. ఆయన ఇంటికే పోయి "తాతా, మాకు ఈ పాటకు శృతి కుదుర్చు" అని అడిగితే శనివారం అభ్యాసానికి ఆయనే ముందు వస్తాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల మీద నిలబెట్టి మాట్లాడొద్దు. అందరికీ ఆకలి, ఎవరి బస్సు వాళ్లకు. వానకాలం నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు సాయంత్రం ఏడున్నర దాటితేగానీ మనిషి దొరకడు; దొరికినా అలసిపోయి ఉంటాడు. డిసెంబరంతా కారల్స్, కార్యక్రమాల గోల. కమిటీ ఎన్నికలకు ముందు రెండు నెలలు అడిగితే మీ పాట ఏదో ఒక వర్గం పాట అయిపోతుంది. జనవరి మధ్య నుంచి ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలయ్యే దాకా మంచి కాలం.

ఇద్దరే పోవాలి. పది మంది పోతే దండయాత్ర. ఆ ఇద్దరిలో ఒకరు ఆదివారం సండేస్కూల్ పాఠం చెప్పేవాళ్లో, మందిరం ఊడ్చేవాళ్లో అయితే మాటకు బరువుంటుంది. ఫోన్‌లో వేరే సంఘం వీడియో చూపించకండి. మీకది నమూనా, వాళ్లకది "మన సంఘం పనికిరాదు" అన్న మాట.

"ఏంరా, మన కీర్తనలు పనికిరాకుంట అయినయా?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. "లేదు తాతా, కీర్తనలు అట్లనే ఉంటయి. వెనక కూసునే పిల్లలు ఒక్క పాటన్నా నోరు తెరిచి పాడాలని అడుగుతున్నం, నాలుగు వారాలే" అని ఊరుకోవాలి. ఇంకో వాక్యం కలిపితే చెడుతుంది.

జవాబులు మూడు రకాలు వస్తాయి. "వద్దు" అంటే కారణం అడిగి రాసుకోండి, ఆరు నెలల దాకా మళ్లీ ఎత్తకండి. "ప్రార్థన చేద్దాం" అంటే ఆయనకు ఇష్టమే గానీ ఇంకొకరికి భయపడుతున్నాడని అనుకోవచ్చు. ఆ ఇంకొకరు ఎవరో కనుక్కోండి. "తర్వాత చూద్దాం" అంటే తేదీ అడగండి. తేదీ లేని "తర్వాత" ఎన్నటికీ రాదు.

పాట పాడించడం

అనుమతి దొరకడం కంటే దొరికాక చెడగొట్టుకోవడం తేలిక. చెడేది ఎక్కువగా శృతి దగ్గర, తాళం దగ్గర.

యూట్యూబ్‌లో విన్న పాటను అదే స్కేల్‌లో ఎత్తుకోవద్దు. అక్కడ పాడేది సాధన ఉన్న గొంతు. మగ, ఆడ, ముసలి, పిల్ల అందరూ కలిసి పాడే సంఘంలో పాట మొత్తంలో అన్నిటికంటే పైకి పోయే స్వరం పై 'డి' దాటితే మగవాళ్లు ఆగిపోతారు, తర్వాత పెద్దవయసు ఆడవాళ్లు. పద్ధతి ఇది: పల్లవితో మొదలుపెట్టకండి. చరణంలో ఎత్తైన చోటు వెతికి దాన్ని 'డి' మీద పెట్టండి, అక్కడి నుంచి పల్లవికి దిగి రండి. రికార్డింగ్ కంటే మూడు నాలుగు మెట్లు కిందికి వస్తుంది. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ నొక్కితే సరి. హార్మోనియం తాతకు మాత్రం ముందే చెప్పాలి, ఆయన మెట్లు మార్చి వాయించాలి కదా.

పాత కీర్తనకే కొత్త వాయిద్యం కలపాలనుకుంటే తాళం దగ్గర జాగ్రత్త. పుస్తకంలో పాట పైన ఆది అని ఉంటే ఎనిమిది దెబ్బలు, కీబోర్డులోని మామూలు నాలుగు దెబ్బల స్టైల్‌కు సరిపోతుంది. రూపకం అయితే మూడు దెబ్బల స్టైల్. త్రిపుట అని ఉంటే ఏడు దెబ్బలు: మూడు, రెండు, రెండు. మామూలు కీబోర్డుల స్టైళ్లలో ఏడు దొరకడం అరుదు. నాలుగు దెబ్బల స్టైల్ పెట్టి త్రిపుట పాట ఎత్తుకుంటే ఆవృత్తానికి ఒక దెబ్బ మిగులుతుంది. మొదటి లైను సర్దుకున్నట్టే ఉంటుంది. రెండో లైనుకు సంఘం ముందుంటుంది, కీబోర్డు వెనకుంటుంది. రెండో చరణానికల్లా పాడే వాళ్లు చూపు పాటల పుస్తకం మీంచి ఎత్తి వాయించే పిల్లవాడి వైపు తిప్పుతారు. "మిషన్ వచ్చి పాట చెడగొట్టింది" అన్న మాట అక్కడ పుడుతుంది. అట్లాంటి పాటకు స్టైల్ ఆపేసి తీగల శబ్దం ఒకటి నిలిపి పట్టుకోండి, ఏడు దెబ్బలు తబలా మీద నడిపించండి. తబలా వాయించేవాడికి ఏడు రాకపోతే ఇంకో కీర్తన చూసుకోండి.

ఇంకో చిక్కు. పుస్తకంలో అచ్చయింది ఒకటి, మీ సంఘం పాడేది ఇంకొకటి అయి ఉండొచ్చు. ఒకే కీర్తనను కోస్తాలో ఒక తీరుగా, పాలమూరులో ఒక తీరుగా పాడతారు. ఎక్కడ ఆగాలి, ఏ మాట సాగాలి అన్నది ఊరిని బట్టి. సంఘంలో బాగా పాడే అవ్వ ఎవరో చూసి, ఆమె పాడింది ఫోన్‌లో రికార్డు చేసుకుని, ఊపిరి తీసుకునే చోట్లు గుర్తుపెట్టుకుని దాని ప్రకారం వాయించండి. వేగం కొంచెం పెంచుకోవచ్చు, అవ్వకు ఊపిరి అందినంత వరకు.

కొత్త పాట నేర్పడం: మొదటి ఆదివారం ఆరంభ ప్రార్థనకు ముందు ఐదు నిమిషాలు పల్లవి మాత్రం. లైను మీరు చెప్పాలి, వాళ్లు పాడాలి. ఇది పాత పద్ధతే. చదువురాని వాళ్లు ఇన్ని కీర్తనలు నేర్చుకుంది ఇట్లాగే. రెండో వారం ఒక చరణం కలపండి, మూడో వారం మిగతాది. నెలకు ఒక్క కొత్త పాట మించొద్దు. వారానికో కొత్త పాట తెస్తే పాడేది మీరే, వినేది వాళ్లు, అది కచేరీ.

ప్రొజెక్టర్ పెట్టాలనుకుంటే మూడు విషయాలు. అను ఫాంట్లలో టైపు చేసిన పాటలు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చిగీతలుగా వస్తాయి, ఆదివారం పొద్దున్నే ఆ సంగతి బయటపడుతుంది. కాబట్టి యూనికోడ్‌లోనే టైపు చేయండి. స్లైడుకు నాలుగు లైన్లే. వెనక బెంచీ నలభై అడుగుల దూరంలో ఉంటే తెర మీద అక్షరం నాలుగు అంగుళాలైనా ఉండాలి, ఒత్తులు గుడులు తగులుకోకుండా లైన్ల మధ్య ఎడం వదలాలి. పగలు కిటికీలు తెరిచి ఉన్న రేకుల మందిరంలో చిన్న ప్రొజెక్టర్ బొమ్మ వెలిసిపోతుంది. డబ్బు పెట్టకముందు ఆదివారం పదకొండింటికి అద్దెకు తెచ్చి చూడండి. స్క్రీన్ వచ్చినా పెద్దక్షరాల కాగితాలు ఇరవై అచ్చు వేయించి ముందు వరుసల్లో పంచాలి.

శబ్దం సంగతి. కొత్త స్లాబు మందిరాల్లో మాట రెండుసార్లు వినిపిస్తుంది. అందులో జాజ్ డ్రమ్స్ పెడితే వాక్యం చెప్పే సమయానికి సగం మందికి తలనొప్పి. రిథమ్ ప్యాడ్ అయితే శబ్దం తగ్గించుకోవచ్చు. స్పీకర్లు మైకుల కంటే ముందుకు ఉండాలి, లేకపోతే కూత పెడుతుంది. ఆరుగురు పాడినా మూడు మైకులు చాలు. పాట నడుస్తుండగా మీలో ఒకరు పోయి చివరి వరుసలో ఆడవాళ్ల వెనక నిలబడాలి. పక్కనున్న అవ్వ గొంతు వినపడకపోతే శబ్దం ఎక్కువైనట్టు. బయట మైకు పెట్టాలంటే రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయటి లౌడ్‌స్పీకర్ వాడకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. డిసెంబరు 31 ఆరాధనకు ఇది ముందే చూసుకోవాలి.

డప్పు

ఇది వేరే చెప్పాలి. మందిరంలో డప్పు కొట్టాలన్న కోరిక ఈ జిల్లాల యవనస్తుల్లో ఉంది, మంచి కోరికే. బైబిల్లోని 150వ కీర్తనలో తంబుర, తాళాలు ఉన్నాయి కదా అని వాదిస్తారు. పెద్దల అభ్యంతరం వాయిద్యం మీద కాదు. చావుకు, జాతరకు, చాటింపుకు డప్పు కొట్టడం ఊరు కొన్ని కులాల మీద మోపిన వెట్టి. క్రీస్తులోకి వచ్చిన ముత్తాతలు చాలా చోట్ల పట్టుబట్టి వదిలేసిన పనుల్లో అదొకటి. వాళ్ల మనవళ్లకు అది ఆత్మగౌరవం వదులుకోవడంలా అనిపిస్తుంది. 1994లో రిజర్వేషన్ల వర్గీకరణ కోసం మాదిగలు మొదలుపెట్టిన దండోరా ఉద్యమం తర్వాత పెరిగిన వాళ్లకు అదే డప్పు ఆత్మగౌరవానికి గుర్తు. రెండూ నిజమే. ఇది ఓట్లతో తేల్చే విషయం కాదు.

కాబట్టి డప్పును ఆదివారం ఆరాధనలో మొదలుపెట్టొద్దు. క్రిస్మస్ కారల్స్‌లో, లేదా కోత పండుగ ఊరేగింపులో, ఆరుబయట మొదలుపెట్టండి. ముందుగా వృద్ధుల ఇళ్లకు పోయి, వాళ్ల నాన్నలు తాతలు ఎందుకు వదిలారో చెప్పించుకోండి. చెప్పనిచ్చాక కొందరు వాళ్లే చిర్ర (డప్పు కొట్టే లావు కర్ర) చేతికి తీసుకుంటారు; కొందరు చచ్చినా వద్దంటారు, అక్కడ ఆగిపోవాలి. వాయించే సంగతికొస్తే, చలికి ముసురుకు చర్మం సడలుతుంది, మంట మీద కాచి బిగించాలి, మంట మందిరం వాకిట్లో కాకుండా దూరంగా. స్లాబు కింద ఒక్క డప్పు చాలు, చిర్ర మీద ఒత్తిడి తగ్గించి రెండో చేతిలోని సన్నటి సిటికెన పుల్లతో నడిపిస్తే పాట వినపడుతుంది.

ఆడపిల్లల మైకు

గృహ కూడికల్లో, స్త్రీల సమాజంలో ప్రార్థన నడిపేది వాళ్లే, పాట ఎత్తుకునేది వాళ్లే. ఆదివారం పుల్‌పిట్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలనే మొదటి కొరింథీయులు 14:34 చూపిస్తారు. అదే పత్రిక 11:5లో స్త్రీలు ప్రార్థన చేయడం, ప్రవచించడం గురించి ఉంది. వాదన పెట్టుకోకుండా, ఉత్తర ప్రత్యుత్తర వాక్యాలు చదివించే పని అడగండి, పుల్‌పిట్ నుంచి కాదు, కింద మైకు దగ్గర నుంచి. తొమ్మిదో తరగతి అమ్మాయి తడబడకుండా బైబిల్లోని 103వ కీర్తన చదివించిన వారం తర్వాత, చాలా ఇళ్లలో వాళ్ల వాళ్ల అమ్మాయిల పేర్లు ఇస్తారు. ఇది మాత్రం వాయిదా వేయదగ్గది కాదని మా అభిప్రాయం. గిటార్ ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వస్తుంది.

నాలుగు వారాల తర్వాత

అడగకుండానే పాట ఆపండి. ఐదో ఆదివారం పాత పద్ధతికి వెళ్లిపోండి. మాట నిలబెట్టుకున్నారన్నది అందరూ చూస్తారు; "ఆ పాట ఈవారం లేదేంది?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఎవరూ అడగకపోతే ఆ పాట కుదరలేదని అర్థం, ఇంకో పాట చూడండి. అడిగితే, పెద్దల సమావేశంలో ఐదు నిమిషాలు కోరి, ఏం బాగుంది, ఏం చెడింది మీరే ముందు చెప్పండి. ఒప్పుకుంటే ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలో తేదీతో రాయించండి. పాస్టరు గారికి బదిలీ అయితే, కొత్తగా వచ్చిన వారికి చూపించడానికి ఆ లైను తప్ప ఇంకేం ఉండదు.

కాదంటే, "మనమే వేరే కూటం పెట్టుకుందాం" అనే వాడు గుంపులో ఒకడుంటాడు. వాక్యం మీద కాకుండా కీబోర్డు మీద విడిపోయిన కూటం ఇంకో విషయం మీద మళ్లీ విడిపోతుంది, ఈ జిల్లాల్లో ఏ మండలంలో అడిగినా చెబుతారు. శనివారం యవనస్తుల కూటం మీ చేతిలోనే ఉంది. అక్కడ మీ పద్ధతిలో పాడుకోండి, పెద్దలను పిలవండి, తేనీళ్లు ఇవ్వండి. ఆరు నెలలు అయ్యాక అదే కాగితం తేదీ మార్చి ఇవ్వండి.

ఒక ఏర్పాటు మాత్రం మొదటి వారమే చేసుకోవాలి. కీబోర్డు వాయించే పిల్లవాడికి హైదరాబాదులో పని దొరుకుతుంది, తబలా వాయించేవాడు కుటుంబంతో బొంబాయి పోతాడు. ప్రతి వాయిద్యానికీ ఇద్దరు ఉండాలి, వాళ్లలో ఒకరు ఊళ్లోనే ఉండే బడిపిల్లలైతే మంచిది. ప్రతి పాటకూ ఒక కాగితం రాయండి: మాటలు, స్కేల్, ట్రాన్స్‌పోజ్ ఎంత, తాళం, ఎన్ని దెబ్బలు, ఎక్కడ ఆగాలి, ఎవరు ఎత్తుకుంటారు. ఆ కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టి, కీర్తనల పుస్తకాలు ఉండే బీరువాలోనే ఉంచండి. తాళంచెవి సెక్రటరీ గారి దగ్గర ఒకటి, హార్మోనియం తాత దగ్గర ఒకటి.